మిక్సీ శ్రుతి

కాలెత్తి ఆ మూడో డబ్బా మీద పెట్టబోయాడో లేదో, కరెంటు పోయింది. పోయేదేదో ఇంకొక్క నిమిషం ఆగి పోకూడదా, దీని మొహం మండ! నెత్తిమీది ఫ్యాను బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగి ఆగింది, గోడకు వరసగా వేలాడుతున్న గిటార్ల మీది తళతళ ఆరిపోయింది, పక్కనున్న యాంప్లిఫయరు ఎర్రదీపం చటుక్కున పోయింది, వరహాలబాబు కాలొక్కటే గాలిలో ఉండిపోయింది. మెల్లిగా దించుకున్నాడు. రైల్వే ఆఫీసు గుమాస్తా, నెత్తిన సగం వెంట్రుకలు రిటైరైపోయిన మనిషి, సికింద్రాబాదు నడిబొడ్డున, మండు వేసవిలో, ఒళ్లో ఎర్ర ఎలక్ట్రిక్ గిటారు పెట్టుకుని, కాలేజీ కుర్రకారు కొనుక్కునే సామాను ముందు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆఫీసువాళ్లు ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా! "కోత షురూ అయింది సార్, ఇగ గంట దాకా రాదు. జెర కూసోండి, చాయ్ చెప్తా," అన్నాడు దుకాణం మధుసూదన్, కౌంటరు మీద అట్టముక్కతో విసురుకుంటూ. "గంటే? ఈలోగా మా ఆవిడొచ్చేస్తాదండీ," అన్నాడు వరహాలబాబు. "రానియ్యండి సార్, మేడంకు సుత చాయ్ చెప్తా." చాయ్ కాదు నాయనా నాకు కావలసింది, అనుకున్నాడు. మారేడ్‌పల్లిలో చెల్లెలు మేబెల్ ఇంటికి వెళ్లిన ఆలిస్ అక్కణ్నుంచి ఆటో ఎక్కి ఇక్కడికే వస్తుంది, ఎందుకు రమ్మన్నాడో ఆమెకు తెలియదు, ఆమె వచ్చేలోగా ఈ మూడు డబ్బాల్లో ఒకటి తేల్చుకోవాలి, ఆమె ముందు వాయించాలి, వినబడుతోందో లేదో ఆమె మొహం చూసి తెలుసుకోవాలి. అంతే అతని పని.

డబ్బా అంటే పెద్ద వస్తువేం కాదు. సబ్బుపెట్టెకు కొంచెం పెద్దది, ఇనపది, పైన మూడు నాబులు, కింద కాలితో తొక్కే మీట. గిటారుకీ యాంప్లిఫయరుకీ నడుమ తగిలించి తొక్కితే, టింగుమని రాలి ఆరిపోవలసిన స్వరం కాస్తా నలిగి, గరగరమని చిరిగి, ఉబ్బి, చావనని మొరాయించి సాగుతుంది. డిస్టార్షన్ పెడల్ అంటారు. అందులో హై గెయిన్ అంటే మరీ ముదిరిన జాతి, తీగ మీద ఊపిరి పడినా గాండ్రిస్తుంది. ఇన్నేళ్లుగా గిటారు పట్టుకుంటున్నాడే గాని వరహాలబాబు ఇలాంటిదాన్ని తొక్కి ఎరగడు, అతనిది శుభ్రమైన చెయ్యి, తీగ తీగా విడివిడిగా పలికే చెయ్యి, చర్చిలో ముసలివాళ్లు కూడా చెవులప్పగించే చెయ్యి. ఆ శుభ్రతే ఇప్పుడు కొంప ముంచింది. "ఎట్లాంటి సౌండ్ కావాలె సార్, రాకా, మెటలా?" అని మధుసూదన్ అడిగినప్పుడు నోటిదాకా వచ్చిన జవాబును మింగేసి, "చూద్దాం, చూపించండి," అన్నాడు. మొదటిది పసుపు డబ్బా. మోగడం బాగానే మోగింది, కాని పైపైన ఒకటే కందిరీగ రొద, ఆ సన్నదనం ఆలిస్ చెవిలో పడితే సూదిపోటే. రెండోది నల్లది. గోడలు అదిరాయి, హమ్మయ్య అనుకునేలోపు, స్వరం కొంచెం సన్నగిల్లగానే టక్కున దాని గొంతు పిసికేసింది. "నాయిస్ రాకుండ కట్ చేస్తది సార్, మస్తుంటది," అన్నాడు మధుసూదన్. కట్ చేసేదాన్ని నేనేం చేసుకోను, నాకు కావలసిందే కట్ కానిది. ఇక మిగిలింది ఈ ఇటుకరంగుది. ఇదీ కాకపోతే సికింద్రాబాదులో ఇంకో దుకాణం ఉంది, ఇంకో పది డబ్బాలు ఉంటాయి, కాని ఆలిస్‌కి అంత ఓపిక లేదు, నాకోసం ఎందుకు ఇవన్నీ అంటుంది, చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోతుంది, ఆ తరవాత మళ్లీ ఎప్పుడూ రాదు.

చెవులు పోవడమంటే నిశ్శబ్దం అనుకుంటారు జనం. అలా పోయినా బాగుండు. ఆలిస్ చెవులు ఏరుకుని ఏరుకుని పోయాయి. ముందు పిట్టలు పోయాయి, తరవాత ఫోను గంట, తరవాత మాటల్లోంచి స, శ, ఫ రాలిపోయాయి, పెదాలు చూస్తే గాని మాట అందదు. మిగిలినవి ఉన్నట్టుండి మీద పడతాయి. స్టీలు గిన్నె జారి పడితే రెండు చేతులా చెవులు మూసుకుని అక్కడే కూలబడుతుంది, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. డాక్టరు ఇచ్చిన చెవి మిషను గిన్నెల్ని ఇంకా పెద్దవి చేసింది గాని పాటను తేలేదు, ఇప్పుడది సూదులూ దారపుండలూ ఉండే డబ్బాలో పడి ఉంది. గిటారు విషయంలో మరీ అన్యాయం జరిగింది. తీగ మీటిన టక్కు మాత్రం వినబడుతుంది, ఆ వెనక రావలసిన నాదం ఆమె దాకా నడిచి వచ్చేలోపే ఆరిపోతుంది. "వేళ్లు ఆడుతున్నాయి బాబూ, చూస్తున్నాను. పాట మాత్రం రావట్లేదు," అంది ఒకసారి, ఏడవలేదు, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. నలుగురిలో ఏవండీ అంటుంది గాని, ప్రేమొచ్చినా కోపమొచ్చినా అతను ఆమెకు బాబే.

వంటింటి గడప మీద కూర్చునేవాడు. ఆఫీసునుంచి రాగానే చొక్కా తగిలించి, కాళ్లు కడుక్కుని, గిటారు తీసుకుని గడప మీద చతికిలబడేవాడు, కార్ఖానా బస్తీలో ఆ రెండు గదుల వాటాకి వచ్చినప్పటినుంచీ అదే వరస. ఏదో ఒకటి మీటేవాడు, చర్చి పాటా, సినిమా పాటా, ఊళ్లో సంబరాల్లో విన్నదా, ఏది తోస్తే అది. ఆలిస్ బియ్యంలో రాళ్లు ఏరుతూనో, అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తూనో, తల కూడా ఎత్తకుండా కింద గొంతు కలిపేది. చర్చి పాటల్లో ఆల్టో, అంటే కింద గొంతు, పాడేవాళ్లు అంతే, పైన నడిచే పాట వాళ్లది కాదు, పాట కిందకి దూరి దాన్ని భుజాన మోస్తారు. ఆ కూనిరాగానికి మాటలుండవు, ఊఁ అని ఒక లోగొంతుక, అతను దారి తప్పితే తనూ తప్పేది, అతను మళ్లీ దారికొచ్చేదాకా తోడుండేది. పిల్లలు లేని ఇల్లు, అయినా బోసిగా ఉందని ఏనాడూ అనిపించలేదు. అది పోతుందని ముందే తెలిస్తే ఏం చేసేవాడు? ఏం చేస్తాడు, గుక్కెడు ఎక్కువ తాగి పెట్టుకునేవాడా! ఇప్పుడు గడప మీద కూర్చుంటే గోడ గడియారం వినబడుతోంది, అదివరకు అసలు ఆ గడియారానికి చప్పుడుందనే తెలియదు. వాయిస్తాడు, ఆమె మర్యాదకు నవ్వుతుంది. ఆ నవ్వు వద్దు అతనికి. ఆ కూనిరాగం కావాలి. ఒక్కసారి, వెనకనుంచి, పిలవకుండా వచ్చే ఆ ఊఁ కావాలి, దానికోసం ప్రాణం కొట్టుకుపోతోంది.

మధుసూదన్ చాయ్ ఇచ్చాడు, వేడిగా ఉంది, దుకాణంలో గాలి అంతకన్నా వేడిగా ఉంది. బయట ఎవరిదో జనరేటరు మొదలైంది, దుకాణాల ముందు అంతటా అదే రొద. ఆలిస్ చర్చి పాటబృందంలోంచి, క్వయిరులోంచి, తనంతట తనే తప్పుకుంది. ఎవరూ ఒక్క మాట అనలేదు, క్వయిరు పెద్ద జకర్యాగారు కూడా అనలేదు, ఆయన నోరు తెరిస్తే చాలు ఎవరికో ఒకరికి వాత పెట్టే మనిషి, ఆలిస్ విషయంలో మాత్రం కళ్లజోడు తుడుచుకుని ఊరుకున్నారు. అనకపోవడంతోనే ఆమెకు అర్థమైపోయింది. అటూ ఇటూ నిలబడే అమ్మాయిలు, సొంత స్వరం చెదరకుండా ఉండడానికి, పాడుతూ పాడుతూ ఒక చెవి మూసుకోవడం చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి, క్వయిరువాళ్ల తెల్ల గౌను విప్పకుండానే మంచం మీద కూర్చుని, "కిందికి జారుతున్నానా బాబూ? నిజం చెప్పు," అంది. నిజం చెప్పమంటే నిజమే చెప్పే రకం అతను. "వెంట్రుకవాసి," అన్నాడు. ఆలిస్ తలూపింది, గౌను మడత పెట్టింది, పెట్టెలో అడుగున పెట్టింది. చర్చిలో ఇప్పుడు ఆఖరి బెంచీలో కూర్చుంటుంది, అందరూ పాడుతుంటే పుస్తకంలో పేజీ తిప్పుతుంది. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో కూనిరాగం కూడా ఆగిపోయింది. చెవులు కొంత ఆపాయి, సిగ్గు మిగతాది ఆపింది. వెంట్రుకవాసి అన్న మాట ఏ గంగలోనో కలపలేకపోయావా, వెధవన్నర వెధవా!

అసలు ఆమె మొదటిసారి అతని కంటపడిందే అంతా చిరిగిపోయిన రోజున. క్రీస్తు సమాధిలోంచి లేచిన పండగని, ఈస్టరు తెల్లవారుజామున వాళ్ల చర్చివాళ్లు సమాధుల తోటలో ఆరాధన పెట్టుకుంటారు, సూర్యుడు రావడమూ పాట అందుకోవడమూ ఒక్కసారి జరగాలి. ఆ ఏడు వాళ్ల గిటారు కుర్రాడికి ఆటలమ్మ పోస్తే, తోటి గుమాస్తా ఒకడు వరహాలబాబును బతిమాలి తీసుకెళ్లాడు. అమ్మ గవరమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది, విజయనగరంనుంచి కొడుకు దగ్గరికి వచ్చి నెల కాలేదు. "తెల్లారగట్ల సమాధుల్లోకి పాటకెళ్తావేట్రా, వినీవోళ్లు బతికున్నోళ్లల్లో దొరకనేదేటి? వొచ్చేక దొడ్లో నీళ్లోసుకుని గాని గడప తొక్కకు!" వెళ్లాడు. గేటు దగ్గర చెప్పులు విప్పేశాడు, దేవుడి పాట అన్నారు కదా మరి. అందరూ బూట్లతో, చెప్పులతో నిలబడితే అతనొక్కడు మంచుకు తడిసిన పల్లేరుకాయల మీద వట్టికాళ్లతో నిలబడ్డాడు. యాంప్లిఫయరు లేదు, రిక్షా మీద కారు బ్యాటరీతో నడిచే మైకుసెట్టు, అశోక చెట్టుకు కట్టిన రేకుబాకా. గిటారు వైరు తీసి, మైకు పెట్టే బెజ్జంలోనే గుచ్చేశాడు. మొదటి మీటుకే రేకుబాకా గొంతు చించుకుని అరిచింది. కాకులు లేచిపోయాయి, పసిపిల్లలు ఏడుపు అందుకున్నారు, క్వయిరు నోళ్లు తెరుచుకున్నవి తెరుచుకున్నట్టే ఉండిపోయాయి. ఆపితే ఇంకా పరువు తక్కువని వాయిస్తూనే పోయాడు. అప్పుడు వెనక వరసలోంచి ఒక్క గొంతు, ఆ గరగర కిందకి దూరి దాన్ని ఎత్తి పట్టుకుంది. చరణం అయ్యేదాకా వదల్లేదు. "లేచింది ప్రభువా, లారీయా?" అన్నారు జకర్యాగారు తరవాత. ఆ పిల్ల మాత్రం దగ్గరికొచ్చి, "మీ గిటారు ఒక్కటే అయిపోయింది కదా అని పాడాను," అంది, అతని కాళ్లకేసి చూసి, "చెప్పులేవండీ?" అంది. "గేటు కాడ విప్పేసేనండి." ఆలిస్ నవ్వింది. ఆ తరవాత ఇళ్లలో ఎన్ని గొడవలైతేనేం, అమ్మ ఎన్ని శాపనార్థాలు పెడితేనేం, ఆఖరికి ఆ అమ్మే జ్వరమొచ్చినప్పుడల్లా "ఆ పిల్లని ఓపాలి ఊఁ అనమనరా" అని అడిగి మరీ పడుకునేది.

ఆ చిరుగు స్వరం తన బతుకులో ఒక పరువునష్టం అనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. మొన్నటిదాకా. మొన్న ఆదివారం ఇడ్లీల్లోకి కొబ్బరి పచ్చడి. కొబ్బరిచిప్పల వాడు వచ్చి వెళ్లాడు, పచ్చిమిరపకాయలు సరిపోవంది, తెచ్చాడు, తలుపు తీసి లోపలికొచ్చేసరికి వంటింట్లో మిక్సీ తిరుగుతోంది. పాత మిక్సీ, అడుగున ఏదో అరిగి, వీధి చివరికి వినబడేలా గుర్రుమంటుంది, మార్చుదామంటే ఆలిసే వద్దంటుంది. ఆ గుర్రు కింద ఇంకోటి వినబడింది. ఊఁ. సంచీ పట్టుకుని అక్కడే ఆగిపోయాడు. ఆలిస్ అటు తిరిగి ఉంది, ఒక చెయ్యి మిక్సీ మూత మీద, మిక్సీనే శ్రుతి చేసుకుని పాడుకుంటోంది, ఆ సమాధుల తోట పాటే, కింద గొంతు. ఎన్నాళ్లయింది! అడుగు ముందుకెయ్యలేదు, దగ్గొస్తే మింగేశాడు. కొబ్బరి నలిగింది, మిక్సీ ఆపింది, పాట కూడా ఆగిపోయింది. మూత తీసి చెంచాతో అంచులు గీకింది, అతన్ని చూసి, "మిరపకాయలేవి?" అంది. మిరపకాయలిచ్చి, పెరట్లోకి పోయి, పంపు కింద మొహం కడుక్కుని, ఎందుకు ఏడుస్తున్నాడో తనకే తెలియక ఏడ్చాడు. తరవాత తట్టింది. ఆగకుండా సాగే గరుకు చప్పుడైతే ఆమె దాకా వెళుతోంది. టింగుమని రాలే ముత్యాలు వెళ్లవు. నా చేతి శుభ్రం ఎవడిక్కావాలి, నా గిటారు కూడా మిక్సీలా మోగితే? అలా వచ్చాడు ఇక్కడికి. మధుసూదన్ అడిగినప్పుడు మింగేసిన జవాబు అదే. కాని మిక్సీ ఒకటి, గిన్నె ఒకటి, రెండూ చప్పుళ్లే, ఏది పాట అవుతుందో ఏది పోటవుతుందో ఆమె చెవికి తప్ప ఎవరికీ తెలియదు. నొప్పెడితే? చెవులు మూసుకుని కూలబడితే? ఇంకెప్పుడూ గిటారు ముట్టుకోబుద్ధి కాదు అతనికి.

"మేడం వచ్చిన్రు సార్," అన్నాడు మధుసూదన్. గుమ్మంలో వెలుతురుకు అడ్డంగా ఆలిస్, కొంగుతో మెడ తుడుచుకుంటూ. చీకట్లో పెదాలు కనబడవు కనక లోపలికి రాకుండా అక్కడే నిలబడింది. వరహాలబాబు గిటారుతో సహా లేచి, వైరు లాక్కుంటూ గుమ్మం దాకా వెళ్లి, ఆమె ఎదుట వెలుతురులో మొహం పెట్టి, "కరెంటు నేదు. కూర్చో," అన్నాడు. "ఏంటండీ ఇది, ఎవరికోసం?" అంది గట్టిగా, తన గొంతు ఎంత పెద్దదో ఈ మధ్య ఆమెకు అంచనా అందడం లేదు. రోడ్డు మీద ఒకడు తిరిగి చూశాడు. "నీ కోసమే," అన్నాడు. పెదాలు సరిగ్గా చదవలేదనుకుందో ఏమో, కనుబొమలు ముడిచింది. మళ్లీ చెప్పబోతుండగా ఫ్యాను కదిలింది, గిటార్లన్నీ ఒక్కసారి మెరిశాయి, ఎర్రదీపం వెలిగింది. ఇక ఆగితే ధైర్యం చాలదు. వెనక్కి నడిచి ఇటుకరంగు డబ్బాను తొక్కాడు, ఆరు తీగలూ కలిపి మీటాడు. దుకాణం దద్దరిల్లింది. ఆలిస్ రెండు చేతులూ చెవుల మీదకి వెళ్లాయి, మొహం నలిగిపోయింది.

అయిపోయింది, అనుకున్నాడు. కాలు తీసేశాడు. "టోన్ ఎక్కువున్నది సార్," అంటున్నాడు మధుసూదన్, "మొత్తం తగ్గించి చూడండి." టోన్ నాబు పూర్తిగా ఎడమకు తిప్పేశాడు, సన్నదనం ఏ మాత్రమూ మిగలకుండా. గెయిన్ నాబు ఎక్కడిదాకా పోతుందో అక్కడిదాకా తిప్పాడు. యాంప్లిఫయరు సగానికి తగ్గించాడు. ఆరు తీగలు వద్దు, ఒక్కటి చాలు. అన్నిటికన్నా లావు తీగను బొటనవేలితో ఒక్కసారి, మెల్లిగా మీటి వదిలేశాడు. గుర్రుమంది. ఆరలేదు. సాగింది, సాగుతూనే ఉంది, అరిగిపోయిన అడుగుతో పాత మిక్సీ తిరిగినట్టే. ఆలిస్ చేతులు చెవుల మీదినుంచి దిగాయి. అటూ ఇటూ చూసింది, దుకాణం వెనక గుమ్మం కేసి చూసింది. "ఎవరండీ మిక్సీ వేశారు?" అంది.

మధుసూదన్ నవ్వబోయి, వరహాలబాబు మొహం చూసి మానేశాడు. వరహాలబాబు మళ్లీ మీటాడు, మొదటిది ఆరకముందే. ఈసారి ఆమె చూపు తీగ మీద పడింది, వేలి మీద పడింది, అక్కణ్నుంచి అతని మొహం మీదికి వచ్చింది, అక్కడే ఆగిపోయింది. పెదాలు మూసుకునే ఉన్నాయి. ఊఁ అని వచ్చింది. అంత చిన్నది, రోడ్డు మీది ఆటోల రొదలో ఎవరికీ వినబడనంత చిన్నది, అతనికి మాత్రం వినబడింది. అదే గొంతు. శ్రుతికి వెంట్రుకవాసి కింద ఉంది. గిటారు స్వరమూ ఆమె స్వరమూ ఒకదానికొకటి తగులుకుని మధ్యలో వడవడమని వణుకుతున్నాయి. ఆమెను పైకి రమ్మనలేడు, దారి ఆమెకు కనబడదు. ఎడమచెయ్యి ఎత్తి, మోగుతున్న తీగను బిగించే కీని పట్టుకుని, కొంచెం కొంచెంగా వదులు చెయ్యడం మొదలుపెట్టాడు. "సార్, ట్యూన్ దిగిపోతున్నది," అన్నాడు మధుసూదన్ కంగారుగా. "దిగనీండి." వణుకు మెల్లబడింది, ఇంకా మెల్లబడింది, ఒకచోట నిలిచిపోయింది, రెండూ ఒకటే అయిపోయాయి. అప్పుడు ఆ ఒక్క తీగ మీదే సమాధుల తోట పాట ఎత్తుకున్నాడు, గరగరమంటూ, లారీలాగే. ఆలిస్ కళ్లు మూసుకుంది, పాట కిందకి దూరింది.

చరణం అయ్యాక కళ్లు తెరిచింది. దుకాణంలో పరాయి మనిషి ఉన్నాడని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కొంగు సర్దుకుంది. అతని పెదాల కేసి చూస్తూ, భయపడుతూ, "కిందికి జారానా బాబూ? నిజం చెప్పు," అంది, గట్టిగానే.

"నేదు," అన్నాడు వరహాలబాబు. నిజమే చెప్పాడు.